నిజం పుస్తకం

సూరయ్య భార్య ముత్యాలమ్మను ఆస్ట్రేలియా వాడు తీసుకుపోయాడు. ఇరవై రెండేళ్ళుగా సూరయ్య ఇదే మాట చెబుతున్నాడు. ఒక్క అక్షరం మార్చడు. బందరు లైబ్రరీలో లైబ్రేరియన్ విల్సన్ బల్ల ముందు నిలబడి కూడా అదే చెప్పాడు.

విల్సన్ కళ్ళజోడు తీసి, వెనక కుర్చీలో ఆయాసపడుతున్న వీరదుర్గ వైపు చూశాడు. ఆమెకు ఎనిమిదో నెల. హంసలదీవి నుంచి బస్సులో వచ్చింది. గతుకు తగిలినప్పుడల్లా సూరయ్య డ్రైవరును తిడుతూనే వచ్చాడు.

“మీ అమ్మాయాండీ?”

“ఆఁ. దీన్ని నా చేతుల్లో పెట్టి వాళ్ళమ్మ వెళ్ళిపోయింది.”

విల్సన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

కిటికీ పక్క బీరువాకు ‘చదవదగ్గ కొత్త ఆస్ట్రేలియా పుస్తకాలు’ అని అట్ట వేలాడుతోంది. ఆ ముక్క పేపర్లో చదివే వీరదుర్గ పట్టుబట్టింది. నెలలు నిండేకొద్దీ ఆమెకు భయం పట్టుకుంది. బిడ్డ పుట్టేలోపు అమ్మ మొహం ఒక్కసారి చూడాలంది. ఆ ఆస్ట్రేలియా అతను పుస్తకాలు రాసేవాడట కదా, దేంట్లోనైనా అమ్మ ఉండకపోతుందా అంది.

“కథలు చూపించమంటారా, జరిగినవి రాసినవా?” అన్నాడు విల్సన్.

“కథలు వాడు నాకు చాలా చెప్పాడు. నిజం పుస్తకాలు తియ్యి బాబూ.”

“ఇంగ్లీషు వచ్చా బాబాయ్?”

“మూడో క్లాసు చదివా. వాడి మొహం చాలు నాకు.”

విల్సన్ ఒక్కొక్కటే వెనకట్ట తిప్పి చూపించాడు. గొర్రెల మందల గురించి రాసినావిడ. కార్చిచ్చుల గురించి రాసిన కుర్రాడు. సముద్రాల ఒడ్డున బతికేవాళ్ళ గురించిన లావుపాటి పుస్తకం మీద సూరయ్య వేలు పెట్టాడు.

“వీడే. జుట్టు నెరిసింది వెధవకి.”

“మీరు చేపల వేటకెళ్ళినప్పుడు తీసుకుపోయాడా బాబాయ్?”

“నా కళ్ళ ముందే. నేనే సరేనన్నా.”

“మీరా?”

“పంపిస్తానన్నాడు. నమ్మాను.”

విల్సన్ పేజీలు తిప్పాడు. మధ్యలో బొమ్మల పేజీలు వచ్చాయి. పడవలు, వలలు, ఎవరెవరో పిల్లలు. చేపల తట్ట పక్కన నిలబడి పగలబడి నవ్వుతున్న ఒక ఆడమనిషి దగ్గర సూరయ్య చెయ్యి అడ్డం పడింది. పుస్తకం అలాగే ఎత్తి తీసుకెళ్ళి కూతురి ఒళ్ళో పెట్టాడు.

వీరదుర్గ పుస్తకం మొహానికి దగ్గరగా పట్టుకుంది. తర్వాత తన ముక్కు తడుముకుంది.

“నా ముక్కే నాన్నా.”

“నోరు కూడా. రేవు దాకా వినపడేది.”

“ఎంత నవ్వుతోందో.”

“వాడు నవ్వమన్నాడు. నేనంటే నవ్వేదా?”

“సంతోషంగానే ఉన్నట్టున్నారు లెండి,” అన్నాడు విల్సన్, ఓదార్పుగా.

సూరయ్య అతని వంక చూడలేదు. వంగి, బొమ్మలో కొంగు కింద ఎత్తుగా ఉన్న చోట వేలు ఆనించాడు.

“ఇదిగో. ఇది నువ్వు.”

వీరదుర్గ ఆ వేలు పట్టుకుంది. వదల్లేదు.

“ఇక భయం లేదు నాన్నా.”

విల్సన్ గొంతు సవరించుకున్నాడు. “ఆయన అడ్రసు సంపాదించవచ్చు. ఉత్తరం రాయమంటారా?”

“వద్దు. వాడి ఊసు నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను.”

పురిట్లోనే పోయిన ముత్యాలమ్మకు లోకంలో ఉన్న ఫొటో అదొక్కటే.