రాసిపెట్టిన పిల్ల

పదో తరగతి పరీక్షలు పన్నెండు రోజుల్లో ఉన్నాయనగా గోపీకృష్ణ బండి మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

లైసెన్సు వచ్చే వయసు కాదు. తండ్రి మన్మథరావుకి నర్సీపట్నంలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి బండి మాత్రం వచ్చింది.

"మీ వాడు చెబుతుంటే రాసిపెట్టే పిల్లనో, పిల్లాణ్ణో వెతుక్కోండి. తొమ్మిదో తరగతి దాటి ఉండకూడదు," అన్నారు స్కూలువాళ్లు.

గోపీ చదివే ప్రైవేటు స్కూల్లో ఏ తల్లీ తండ్రీ ఒప్పుకోలేదు. తమ పిల్లల చదువు పాడవుతుందన్నారు.

"ఆళ్లని బతిమాలడం ఏటండి?" అన్నాడు ఫ్యాక్టరీ మేస్త్రీ అప్పలరాజు. "మన షెడ్డులోనే జీడిపిక్కలు కొడతంది ఓ కొండపిల్ల. మొన్న జనవరి దాకా గవర్నమెంటు హైస్కూల్లో సదివింది. ముత్యాల్లాటి అచ్చరాలు."

పిలిపించారు. జీడిసొనకి నల్లబడిన వేళ్లు చున్నీలో దాచుకుని నిలబడింది.

"పేరేటమ్మా?" అడిగాడు మన్మథరావు.

"చిట్టితల్లండి."

"తొమ్మిదో తరగతేనా?"

"పదో తరగతండి. అయ్యకి ఒంట్లో బాగోక పన్లోకొచ్చేసేను. తమ్ముడు సదవాలి కదండి."

"పది పాసయ్యేవా?" మధ్యలో అందుకున్నాడు అప్పలరాజు.

"లేదండి."

"మరి నువ్వు పాసయింది తొమ్మిదే. తొమ్మిదే అని సెప్పు."

ఆ లెక్క అందరికీ నచ్చింది. తెలిసిన స్కూల్లో తొమ్మిదో తరగతి అని కాగితం కూడా రాయించుకొచ్చారు.

చిట్టితల్లి ఒక్కటే అడిగింది.

"బళ్లో నా పేరు కొట్టేసుంటారండి. పరీచ్చలయ్యాక మీరొచ్చి సెప్పి, నన్ను మల్లీ ఏయిస్తారా?"

"అంతేనా? నేనే వస్తాను," అన్నాడు మన్మథరావు.

అబద్ధమాడాలని అనలేదు. ఆ క్షణాన నిజంగానే వెళ్దామనుకున్నాడు.

పరీక్ష గదిలో గోపీ చెప్పింది చెప్పినట్టే రాసింది. ఒక్క ముక్క తగ్గించలేదు, పెంచలేదు. కాకపోతే వాడు తప్పు చెప్పినప్పుడల్లా ఆ పిల్ల పెన్ను ఆగేది.

లెక్కల పరీక్షలో నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ గోపీ మళ్లీ ఆలోచించి, మార్చి చెప్పాడు. కాపలా ఉన్న మేష్టారు చూస్తూనే ఉన్నారు. పెన్ను ఆగడాన్ని కాపీ అనలేరుగా.

"నీకన్నీ వచ్చుగా," అన్నాడు గోపీ బయటికొచ్చాక.

"మీకూ వచ్చు బాబూ. కంగారు పడతన్నారంతే."

రోజూ పరీక్ష అవగానే కారులో అతను ఇంటికీ, నడిచి ఆమె షెడ్డుకీ వెళ్లేవారు.

ఆఖరి రోజు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"నా సంగతి అయ్యగారికి గుర్తు సెయ్యండి బాబూ."

"చేస్తాలే," అన్నాడు.

ఆరువందలకి ఐదువందల నలభై వచ్చాయి. మన్మథరావు ఫ్యాక్టరీ అంతా జాంగ్రీలు పంచాడు. చిట్టితల్లికీ ఒకటి అందింది. ఆ తర్వాత విశాఖలో కాలేజీ సీటు, హాస్టలు, పరుపు, బకెట్టు... ఆ హడావిడిలో పడి ఇచ్చిన మాట తండ్రీ మరిచాడు, కొడుకూ మరిచాడు.

జులై చివర్లో సెలవుకి వచ్చిన గోపీ భోజనం దగ్గర ఉన్నట్టుండి అడిగాడు.

"నాన్నా, ఆ అమ్మాయిని బళ్లో వేశారా?"

మన్మథరావు ముద్ద పళ్లెంలోనే వదిలేసి అప్పలరాజుకి ఫోన్ చేశాడు.

"ఆ పిల్లాండి? రొయ్యల షెడ్డులో పనుందని ఆళ్ల పిన్నితో భీమవరం ఎల్లిపోనాది. ఎల్లేముందు మీకోసం రెండుసార్లొచ్చింది. మీరు లేరు."

గోపీకి సిగ్గుతో అన్నం సహించలేదు. తండ్రిని లేవదీసి ఆ మధ్యాహ్నమే గవర్నమెంటు హైస్కూలుకి తీసుకెళ్లాడు.

పేరు వినగానే హెడ్మిస్ట్రెస్ సత్యలక్ష్మి చేతిలో పని పక్కన పెట్టేశారు.

"చిట్టితల్లా? అంత బాగా లెక్కలు చేసేవాళ్లు మా బళ్లో ఇంకెవరూ లేరండి. జనవరి నుంచి మానేసింది. కొండమీద ఊరు, పైగా ఆడపిల్ల. పెళ్లి చేసేసుంటారులే అనుకున్నాను. ఎవర్నీ పంపి అడిగించలేదు. నాదే తప్పు."

"ఎలాగైనా వెనక్కి తీసుకొస్తామండి," అన్నాడు మన్మథరావు. "పేరు కొట్టేశారు కదా, మళ్లీ చేర్చుకుంటారా?"

"పేరు కొట్టెయ్యలేదండి."

ఆవిడ లేచి బీరువా తీశారు. కాసేపు వెతికి ఒక కాగితం బల్లమీద పెట్టారు.

చిట్టితల్లి ఫోటో ఉన్న హాల్ టికెట్టు.

గోపీ దాన్ని దగ్గరకు లాక్కుని చదివాడు. అవే పరీక్షలు, అవే తేదీలు; తను చెబుతుంటే చిట్టితల్లి రాసిపెట్టిన ప్రతి ఉదయమూ, బస్టాండుకు అవతలి సెంటర్లో, చిట్టితల్లి పేరుకెదురుగా ఆబ్సెంటు అని రాస్తూ వచ్చారు.