ముందుకు చదవండి

ఇప్పుడు ఇంగ్లీషు నవల చదివే ప్రతివాడి చెవిలోనూ ఒక గొంతు ఉంటుంది. తెలియని నుడికారం కంటపడగానే అర్థం చెప్పేస్తుంది. నా చెవిలో దానికి మా అమ్మాయి తరళ, చనిపోయిన వాళ్లమ్మ గొంతు పెట్టించింది.

నవలలో యుద్ధానికి వెళ్లిన సైనికుడు "పొలం కొన్నాడు" అని ఉంది. "ఏవండీ, అంటే..." అంటూ గొంతు మొదలుపెట్టింది. చెవిలోంచి ఆ యంత్రాన్ని పీకేశాను.

"ఈ గొంతు చెరిపెయ్."

"చెరిపితే మళ్లీ రాదు నాన్నా. అమ్మ గొంతు మనకింకెక్కడా లేదు."

"మీ అమ్మ ఏనాడైనా అర్థం చెప్పిందా? ఎంత బతిమాలినా 'ముందుకు చదవండి, అదే తెలుస్తుంది' అనేది. తెలిశాక 'చెప్పానా!' అని నవ్వేది. ఇదెవరో పరాయి మనిషి."

"ఎంత రాతిగుండె నాన్నా నీది!"

"అవును. చెరిపెయ్."

తరళ ఏడుస్తూనే చెరిపేసింది. నేను ఓదార్చలేదు.

ఆ పొలం మాగాణో, మెట్టో అనుకుంటూ ముందుకు చదివాను. రెండు పేజీల తర్వాత సైనికుడి భార్య అతని చొక్కాలన్నీ మడిచి, ఇరుగుపొరుగుకు పంచిపెట్టింది.

తెలిసింది, పొలం కొనడమంటే చనిపోవడమని. తల పక్కకు తిప్పాను. "చెప్పానా!" అని ఎవరూ అనలేదు.