నాలుగు వేల రెండు వందల మంది

1965 నవంబరు 7, ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి మార్లో ఫాల్స్‌లో ఫుట్‌బాల్ ఆట ముగిసింది. ఊరి జట్టు గెలిచింది. చూసినవాళ్లు రెండు వందల పన్నెండు మంది. విలేకరి వెండెల్ క్రూపా రెండుసార్లు లెక్కపెట్టాడు.

“నాలుగు వేల రెండు వందలని రాయి,” అన్నాడు జట్టు యజమాని రాస్కో హాడ్లీ, నోట్లోంచి చుట్ట తీయకుండానే.

“పావురాలతో కలిపా, హాడ్లీ గారూ?”

“నీ వెటకారం నీ దగ్గరే పెట్టుకో. ఈ లీగుకిది మొదటి ఏడు. రేపు లీగు ప్రెసిడెంటు పేపర్లు ముందేసుకుని కూర్చుంటాడు. ఏ ఊళ్లో జనం ఎక్కువొస్తే ఫైనల్ ఆ ఊళ్లో. డెల్టన్ వాళ్లు మూడు వేలని రాయించుకున్నారు.”

“డెల్టన్ జనాభాయే రెండు వేలు.”

“మరి? వాళ్ల విలేకరికి బుద్ధుంది. నా కార్ల షాపు ప్రకటన ఆగిపోతే మీ ఎడిటర్ నిన్నేమంటాడో అడిగి చూడు.”

వెండెల్ అడిగాడు. నాలుగు వేల రెండు వందలని రాశాడు.

సోమవారం మధ్యాహ్నం ఫైనల్ మార్లో ఫాల్స్‌కు ఖాయమైంది. మంగళవారం ఉదయం ఫొటో కోసం హాడ్లీ అతన్ని మైదానానికి పిలిపించాడు. చెక్క స్టాండు ముందు పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డాడు.

“చూశావా? పేపర్లో అంకె పడితే చాలు. ఈ ఊరి గొర్రెలకి లెక్కలు రావు.”

ఫొటో తీసేలోపే ఫైర్ ఇన్‌స్పెక్టర్ బ్రూనో లుట్జ్ వచ్చాడు. ఒక చేతిలో సోమవారం పేపరు, రెండో చేతిలో గొలుసు, తాళం.

“ఈ స్టాండుకి పదిహేను వందల మందికే అనుమతి, హాడ్లీ గారూ. నాలుగు వేల పైచిలుకు కూర్చోబెట్టారట. సీజను అయ్యేదాకా మైదానం మూసేస్తున్నా.”

“ఎవడయ్యా కూర్చున్నది? కళ్లున్నాయా నీకు?”

“ఉన్నాయి. ఆదివారం నేనూ వచ్చాను. నా వరసలో నేనొక్కణ్ణే. కానీ ఇది అచ్చయింది కదా. అబద్ధమని రాసిచ్చేయండి, తాళం పట్టుకుపోతాను.”

“అలాగైతే ఆ సంగతి రేపటి పేపర్లో వేస్తానండి,” అన్నాడు వెండెల్.

“వేస్తే ఫైనల్ డెల్టన్‌కి పోతుందిరా.”

“తాళం వేసినా అక్కడికే పోతుంది,” అన్నాడు లుట్జ్, కాగితం, పెన్ను అందిస్తూ. “ఏదో ఒకటి రాయండి.”

హాడ్లీ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

ఆదివారం ఆటకు నాలుగు వేల రెండు వందల మంది వచ్చారని రాసి సంతకం చేశాడు.