సగటు తొమ్మిది

"అబ్బా!" అన్నారు గ్రౌండ్ చుట్టూ ఉన్నవాళ్లంతా.

కొత్త బంతి వెళ్లి, ఓపెనర్‌గా దిగిన ద్వారకానాథ్ మోచేతికి తగిలింది.

సింధుజ ఒళ్లో పాపని సర్దుకుని, ఫోన్లో సున్నా నొక్కింది. సిడ్నీలోని క్వేకర్స్ హిల్ తెలుగు జట్టుకి ఆదివారాలు స్కోరు రాసేది ఆవిడే.

"పాపం అంకుల్!" అంది పక్కనున్న స్నేహ.

"దెబ్బలు తింటే పరుగులొస్తాయా? ఓపిక లేనప్పుడు ఇంట్లో కూర్చోవచ్చుగా!" అంది సింధుజ.

కాసేపటికి ద్వారకానాథ్ అవుటై, చెయ్యి పట్టుకుని వచ్చేశాడు.

తర్వాత నాలుగో నంబరులో సింధుజ మొగుడు శ్రీకర్ దిగాడు. అలిసిపోయిన బౌలర్లని చితక్కొట్టాడు. ఈలలన్నీ అతనికే.

సాయంత్రం కొత్త కెప్టెన్ విజయభాస్కర్ అందర్నీ కూర్చోబెట్టాడు.

"వచ్చే వారం ఫైనల్. ఈ సీజన్ సగటులు చదువమ్మా సింధుజా."

"మావారిది యాభై రెండు. ద్వారకానాథ్ అంకుల్‌ది..." నవ్వాపుకుంది. "తొమ్మిది."

"అంకుల్, ఏమనుకోకండి. ఫైనల్‌కి కుర్రాళ్లని పెడదాం," అన్నాడు విజయభాస్కర్.

"సరే నాన్నా," అన్నాడు ద్వారకానాథ్, మోచేతి మీద ఐసు అదుముకుంటూ.

వెళ్లబోతూ సింధుజ దగ్గర ఆగాడు.

"శ్రీకర్‌ని చేతికి గార్డు కట్టుకోమనమ్మా. ఈసారి త్వరగా దిగాల్సొస్తుందేమో."

ఆయన అటు వెళ్లగానే సింధుజ మూతి తిప్పింది.

"చూశావా స్నేహా, కుళ్లు! మావారు దెబ్బ తినాలని ఎంత ఆశో!"

గార్డు మాట శ్రీకర్‌కి చెప్పనే లేదు.

ఫైనల్లో కుర్రాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. బంతి మెరుపు తగ్గకముందే శ్రీకర్ దిగాడు.

తాటిచెట్టంత బౌలర్ ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

టప్‌మని శబ్దం.

సున్నా నొక్కబోయిన సింధుజ వేలు ఆగిపోయింది.

ఆస్పత్రిలో శ్రీకర్ చేతికి కట్టు కట్టారు. మణికట్టు రెండుచోట్ల విరిగిందట. అతనిది కార్ల షెడ్డులో క్యాజువల్ పని. చెయ్యి ఆడకపోతే జీతం లేదు.

"కొత్త బంతి ఇంత కసిగా వస్తుందని నాకు తెలీదు సింధూ," అన్నాడు.

సింధుజ వరండాలోకొచ్చి ద్వారకానాథ్‌కి ఫోన్ చేసింది. ఆయన భార్య వీణ తీసింది.

"ఆంటీ, అంకుల్‌ని ఒక్కసారి పిలవరా? మళ్లీ జట్టులోకి రమ్మని..."

"ఆయనిక ఆడరమ్మా. బ్యాటూ ప్యాడ్లూ అన్నీ పాత సామాన్లమ్మే ఆప్ షాపులో ఇచ్చేశారు. పాతవెవరైనా కొనుక్కుంటారని."

"తప్పు నాదే ఆంటీ. అందరిముందూ అలా చదివాను."



"ఆ నాలుగో నంబరు ఆయనదేనమ్మా, మొదట్నించీ."

"ఆంటీ?"

"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు, మా ఇంట్లో బార్బెక్యూ విందులో ఏడ్చావు గుర్తుందా? 'ఆయన చెయ్యి విరిగితే ఈ దేశంలో మేమేమైపోతాం అంకుల్' అని. ఆ ఆదివారమే తన చోటు మీ ఆయనకిచ్చి, కొత్త బంతికి తనెళ్లి నిలబడ్డారు."