తారీఖు దిద్దే మనిషి

"ఎవరు నువ్వు? కంప్యూటర్ ముందు నీకేం పని?"

గుమ్మంలోంచే అరిచాడు హర్ష.

కుర్చీలో ఉన్న ఆవిడ తల కూడా తిప్పలేదు. నడివయసు మనిషి. కొంగు నడుముకు దోపుకుని, ఒక్క వేలితో నింపాదిగా కీలు నొక్కుతోంది. పక్కన నేల మీద ఖాళీ చేపల తట్ట.

"ఒక్క నిమిషం ఆగు బాబూ. అయిపోవచ్చింది."

హర్షకు ఒళ్లు మండింది.

గుడివాడ నుంచి వచ్చి, నాగాయలంక అవతల ఈ చిన్న పల్లెలో, సముద్ర సమాచార కేంద్రంలో చేరి వారమే అయింది. అంతకుముందు పనిచేసిన మనిషి ఏమయ్యాడని అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పని పెద్దదేం కాదు. పొద్దున్నే కంప్యూటర్లో వాతావరణం పేజీ చూడాలి. గాలి ముప్పుంటే రేవులో మైకులో చెప్పాలి, లేకపోతే ఊరుకోవాలి. మైకు మోగలేదంటే సముద్రం బాగున్నట్టే లెక్క. ఫోన్లు ఎన్ని ఉన్నా వేటోళ్లకు గురి మాత్రం ఆ మైకు మీదే.

"లే ముందు! పాడైతే జవాబు ఎవరు చెప్తారు? నువ్వా?"

"నేనే చెప్తా."

"చేపలమ్ముకునేదానివి, నీకెందుకమ్మా ఈ గొడవ? తాళంచెవి ఎక్కడిది?"

"నా దగ్గరే ఉంటుంది. ఎవర్నీ అడిగి తెచ్చుకుంది కాదు."

"ఇలా ఇవ్వు."

ఆవిడ లేచి నిలబడింది. బతిమాలలేదు. తాళంచెవి టేబుల్ మీద టంగుమని పెట్టింది.

"తీసుకో. రేపట్నుంచి మాత్రం చీకట్నే రావాలి. పొద్దున్నే మొరాయించిద్ది ఈ పెట్టె. ఎట్టా లేపాలో చెప్తా, చూసుకో."

"డిగ్రీ చదివింది నేను. నాకు నువ్వు నేర్పుతావా? నడు, నడు!"

ఆవిడ తట్ట ఎత్తుకుంది. గుమ్మం దాటుతూ అతని వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో భయం లేదు, అదే హర్షకు మరీ కంపరం పుట్టించింది.

మర్నాడు తెల్లగా తెల్లారాక, టీ తాగి, తీరిగ్గా వచ్చాడు. పిడుగులకు భయపడి సాయంత్రం మెయిన్ ఆపేయడం ఆ ఊరి అలవాటు. ఇన్నాళ్లూ తను వచ్చేసరికే ఎవరో కంప్యూటర్ వేసి ఉంచేవారు; ఈవేళ తనే మెయిన్ వేసి ఆన్ చేశాడు.

నల్లటి తెర. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు.

ఆపి, మళ్లీ వేశాడు. అదే తెర. ఏదో కీ నొక్కితే కదిలింది గానీ, వాతావరణం పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. అవనిగడ్డలో కంప్యూటర్లు బాగుచేసే బాలాజీకి ఫోన్ కొట్టాడు.

"తారీఖు తప్పుండుద్దండీ. తారీఖు తప్పయితే ఆ పేజీ తెరుచుకోదు," అన్నాడు బాలాజీ. "ఆపి మళ్లీ ఆన్ చేయండి. చేయగానే, కంపెనీ బొమ్మ పోకముందే, డిలీట్ కీ టకటకా కొట్టండి. నీలం తెర వచ్చిద్ది. దాన్నే బయోస్ అంటారు. విండోస్ కంటే ముందు లేచేది అదే."

మొదటిసారి ఆలస్యమైంది. రెండోసారి నీలం తెర వచ్చింది. ఎప్పుడో 2009 జనవరి అని చూపిస్తోంది.

"లోపల నాణెమంత సెల్లుంటుందండీ. కరెంటు ఆపేసినా తారీఖు గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది, కొత్తది వేయమని ఆఫీసు నుంచి ఎవరూ చెప్పలేదు. తారీఖు, టైము దిద్ది ఎఫ్ టెన్ కొట్టండి, సేవ్ అయిద్ది. అయినా ఇవన్నీ రోజూ ముత్యాలమ్మ గారు చేస్తారుగా? నా దగ్గరికొచ్చి మరీ నేర్చుకున్నారు. ఈవేళ రాలేదా?"

హర్ష ఫోన్ పెట్టేశాడు. దిద్దాడు. ఈసారి పేజీ తెరుచుకుంది.

ఎర్రటి హెచ్చరిక. కాసేపట్లో ఈదురుగాలులు. వేటకు వెళ్లరాదు.

మైకందుకుని గొంతు పగిలేలా చెప్పాడు. చెప్పి, పడవలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయని తోచి, రేవుకు పరుగెత్తాడు.

ఒక్క పడవా కదల్లేదు.

రేవు దగ్గర ఏటి పాయ సన్నం. ముందు పడవ కదిలితేనే వెనకవి కదలాలి. ముందు పడవలో, లంగరు తాడు చేతికి చుట్టుకుని, నిన్నటి ఆవిడ, ముత్యాలమ్మ, కూర్చుని ఉంది. జుట్టు చెదిరి ఉంది. రవిక చెయ్యి చిరిగి ఉంది.

"చీకట్నే వచ్చి కూర్చుంది," అన్నాడు పడవ యజమాని నాగబాబు, తలెత్తకుండా. "మైకు మోగలేదు, పోనీమని తిట్టాం. దించుదామని లాగాం కూడా. మైకు మోగలేదంటే గాలి లేదని కాదురా, లోపల మనిషి లేడని, అంది. కదల్లేదు."

హర్ష నీళ్లలోకి దిగి, రెండు చేతులతో తాళంచెవి అందించాడు.

"తప్పయిపోయిందండీ. రేపే కొత్త సెల్లు వేయిస్తాను. మీకిక ఈ శ్రమ ఉండదు."

"సెల్లు నీకు చెప్పి చచ్చిద్దా? అప్పుడూ చెప్పలేదు." తాళంచెవి లాక్కుని బొడ్లో దోపుకుంది. "వేయించు. అయినా నేనొస్తా. ఇంకోటి. గాలి లేకపోతే లేదని కూడా మైకులో చెప్పు. రోజూ చెప్పు. ఊరుకోమాక."

పడవ దిగి, గట్టు మీది తట్ట ఎత్తుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు హర్ష మెల్లగా.

నాగబాబు పడవ తాడు గుంజకు బిగించాడు.

"ఆ పెట్టె మొదటిసారి మొరాయించిన పొద్దున, నీకు ముందు ఆ కుర్చీలో కూర్చునే ఏడుకొండలు దాన్ని లేపి గాలి హెచ్చరిక చూసేసరికి, మేం మైకు అందనంత దూరం వెళ్లిపోయాం. చిన్న పడవేసుకుని వెనకే వచ్చి అందర్నీ వెనక్కి తిప్పాడు. మేం వచ్చాం, వాడు రాలేదు. ఈవిడ వాడి తల్లి బాబూ."