కృప చేసిన దయ్యం

గుడిసెలో దయ్యం కళ్ళు తెరిచి ఉంది.

మేకకు నీళ్ళు పెట్టి వచ్చిన మారెమ్మ దాన్ని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. చేతిలోని బక్కెట్టు జారి కాలి మీద పడినా తెలియలేదు.

దయ్యానికి భయపడే మనిషి కాదు మారెమ్మ. అయినా అది ఉత్త బొమ్మ. కూతురు కృపాకుమారి అనంతపురం పాలిటెక్నిక్ హాస్టల్లో తన చేతులతో చేసుకొచ్చిన దీపం. చిన్నప్పుడు గుంతకల్లులో మేనమామ ఇంట్లో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేములో, మెట్లు మెట్లుగా అంచులూ చదరపు కళ్ళూ ఉన్న దయ్యం ఒకటి ఉండేదట. అదే రూపం ప్లాస్టిక్ అట్టలో కోసి, వెనక ఉద్దిగింజలంత ఎల్‌ఈడీ బల్బులు అతికించింది. ఒళ్ళంతా పచ్చ, కళ్ళు మాత్రం ఎరుపు. పొద్దున కంబదూరు బస్సుకు ఉరుకుతూ దాన్ని ప్లగ్గులో పెట్టి, "పీకొద్దు మా, అదే మేలుకుంటాది చూడు" అని చెప్పి పోయింది. పగలంతా చేలో పనితోనే సరిపోయి మారెమ్మ మళ్ళీ దాని పక్క చూడలేదు.

ఇదిగో, మేలుకుంది. అంటే కరెంటు వచ్చేసింది!

మొగుడు చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాడు.

మారెమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. గుడిసెకొచ్చే ఫీజు బాగానే ఉంది గానీ, మిగతా ఫీజులు పోయి బోరు మోటారు ఆగిపోయింది. నీళ్ళు లేక చీనీ చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. లైన్‌మన్ ఎప్పుడొస్తాడో ఏమో. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే కింది స్విచ్చేమో తుప్పు పట్టి కదిలి చావదు. అందుకని చుట్టుపక్కల రైతులంతా చేసే పనే ఈరన్నా చేస్తున్నాడు. సాయంత్రం కరెంటు కోత పడగానే ఎక్కడం, వట్టి చేతులతో ఫీజు తీగలు చుట్టడం, కరెంటు వచ్చేలోపు దిగిపోవడం. గుడిసెలో ఉన్న ఒక్క బల్బూ మొన్ననే మాడిపోయింది. కరెంటు సంగతి చెప్పడానికి ఇప్పుడు ఈ దయ్యం తప్ప దిక్కు లేదు.

ఫోన్ చేద్దామంటే ఈరన్న సెల్లు మంచం మీదే పడి ఉంది. దాన్నే చేతబట్టుకుని మారెమ్మ పరుగు తీసింది.

"ఏమయ్యో! దిగయ్యో! ముట్టుకోవద్దు!"

ఎదురు గాలి. అరిచిన అరుపు తన చెవుల్లోకే తిరిగొస్తోంది. చెనిక్కాయ చాళ్ళలో కాళ్ళు మడతపడుతున్నాయి, ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ఈరన్న వీపు ఇటు, మొహం అటు. చెయ్యి పైకెత్తి తీగ కోసం చాస్తున్నాడు. ఇంక అరిచి లాభం లేదనుకుని ఒక మట్టిపెళ్ళ ఎత్తి బలంకొద్దీ విసిరింది. అది పోయి సరిగ్గా అతని వీపున తగిలింది.

"ఏమే, పిచ్చిగిన పట్టిందా? కింద పడింటే?"

"దిగు సామీ, నీ కాళ్ళు మొక్కుతా! కరెంటొచ్చిండాది!"

"యాడొచ్చింది? అవతల వీరప్ప తోటలో మోటారు ఆగినాంకనే గదా ఎక్కినా."

"ఆగింది సరే, మళ్ళీ వస్తే అదే తిరుగుతాదా? వీరప్ప పోయి స్విచ్చి నొక్కద్దూ? మన గుడిసె పక్క చూడు, దయ్యం మేలుకోనుండాది!"

ఈరన్న చూశాడు. మసక చీకట్లో, చాళ్ళకు అవతల, తమ గుడిసె గుమ్మంలో పచ్చటి వెలుగు. అందులో రెండు ఎర్రటి చుక్కలు. అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఎలా దిగాడో తెలియకుండా దిగి, దిమ్మె మీద చతికిలబడ్డాడు.

"ఇంగొక్క తీగ చుట్టింటే అయిపోతాండె. దాన్ని పట్టుకోబోతాంటేనే పెళ్ళతో కొట్టినావే..."

మారెమ్మ ఏడుస్తూ అతని భుజం మీద దబదబ బాదింది. కాసేపటికి ఈరన్నే తల గోక్కున్నాడు.

"అవునే, కరెంటుంటే ముందు చుట్టిన రెండు తీగలకే నేను మాడిపోవాల గదా? జిల్లు గూడా అనలేదే! బిడ్డకు ఫోన్ చెయ్ చూద్దాం."

సంగతంతా విని కృప అవతల పకపకా నవ్వింది.

"అయ్యో మా! దాంట్లో బ్యాటరీ ఉండాది. కరెంటు పోతేనే అది మేలుకునేది. వస్తే కళ్ళు మూసుకుంటాది. చీకటంటే నీకు భయం గదా అని అట్ల చేసినా. చెప్దామంటే బస్సొచ్చేసె."

మారెమ్మ గుండెల మీది బండ దిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఈరన్నా నవ్వాడు.

"నీ దయ్యం పాడుగాను! ఉత్తపుణ్యానికి నన్ను చంపి బతికించినారు గదే తల్లీబిడ్డలు!" చేతుల చెమట పంచెకు తుడుచుకుని లేచాడు. "ఆ ఒక్క తీగా చుట్టేసొస్తా. నిమిషం పని." మళ్ళీ ఎక్కాడు.

మారెమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఉంది. కూతురితో మాట్లాడుతుంటే మనసు తేలికపడింది.

"అన్నం తినినావా? ఏం కూర చేసినారు హాస్టల్లో?"

"ఇంగా బెల్లు కొట్టలేదు మా. నాయనకియ్యి, మాట్లాడతా."

"నాయన మళ్ళీ పైకెక్కినాడు. ఆ మిగిలిన తీగ చుడతాండాడు."

"పైకా? జాగ్రత్త మా!"

"నీ దయ్యం కావలుండాదిలే, నాకింగ భయం లేదు" అంటూ మారెమ్మ నవ్వుతూ గుడిసె వైపు తిరిగింది.

గుడిసెలో దయ్యం కళ్ళు మూసుకుని ఉంది.