డిక్కీలో పాత షాకబ్జర్లు

మస్తాన్ మెకానిక్ కొత్త షాకబ్జర్లు బిగించాక, నడుముకు బెల్టు కట్టుకుని తిరిగే సుగుణమ్మ తన చిన్న కారులో మొదటిసారి కుదుపు లేకుండా ఇంటికొచ్చింది. బండి ఎగరకుండా రావడం చూసి గేటు దగ్గరే కాలనీ ప్రెసిడెంటు చలపతి అడ్డుపడ్డాడు.

"ఎంత పని చేశావమ్మా! ఇప్పుడు గుంతల సంగతి మున్సిపాలిటీకి చెప్పేది కార్లలోని సెన్సార్లే కదా! కుదుపు తగిలితేనే కబురు వెళ్తుంది. మేమంతా ఎప్పుడో మెత్తటివి వేయించుకున్నాం. నీ డొక్కు బండి ఎగిరెగిరి పడబట్టే అప్పుడప్పుడూ తట్టెడు తారైనా పోశారు. ఇక మన రోడ్డు అద్దంలా ఉందనుకుంటారు."

సుగుణమ్మకు ఒళ్లు మండిపోయింది.

"అంటే మీరంతా పరుపుల మీద ఊరేగుతూ, అర్జీలు మాత్రం నా నడుముతో పెట్టించారా? సిగ్గుండాలండీ!"

డిక్కీలోంచి పాత షాకబ్జర్లు లాగి అతని కాళ్ల ముందు పడేసింది. నడుము బెల్టు విప్పి వాటి మీదకు విసిరింది.

"అవి మీ కారుకు బిగించుకోండి. ఇది మీరు కట్టుకోండి."